బక్కయ్య పట్టిన పిక్కలు

2007 వానాకాలం. గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుల దవాఖాన, కింది అంతస్తు, ఎక్స్‌రే గదిని ఆనుకొని ఉన్న ల్యాబ్. ఆ ల్యాబ్‌లో, నా మైక్రోస్కోపు కింద, ఈ బొగ్గు ప్రాంతంలో అప్పటిదాకా ఎవరి కంటా పడని క్రిమిని మొట్టమొదట చూసినవాణ్ణి నేను. పెద్ద చదువుల డాక్టర్లు కామెర్లని తల పట్టుకుని కూర్చుంటే, డిప్లొమా చదివిన ల్యాబ్ టెక్నీషియన్ని, ఒక్క రక్తపు చుక్క చూసి రోగం పేరు చెప్పాను. సగం దూరం పోయిన మనిషిని చెయ్యి పట్టి వెనక్కి తెచ్చాను.

నా సంగతి తెలిసినవాళ్లు ఇక్కడికే నవ్వడం మొదలుపెడతారు. నవ్వనివ్వండి. ఎక్కువైన చోట తర్వాత నేనే కోసేస్తాను.

ల్యాబ్ పని గురించి రెండు మాటలు. వార్డునుంచి ఒక ఫారం వస్తుంది, దాని వెనక మనిషి వస్తాడు. సిర దొరికించుకుని రక్తం తీస్తాను. ఒక చుక్కను గాజు పలక మీద పలచగా పరిచి రంగు వేస్తే స్మియర్, అందులో మలేరియా వెతుకుతాం. మిగతాది సెంట్రిఫ్యూజ్‌లో పెడతాం, అది గిర్రున తిప్పే యంత్రం. ఎర్రదనమంతా అడుక్కి పోయి పైన తేట నీరు తేలుతుంది. దాన్ని సీరం అంటాం. ఆరోగ్యంగా ఉన్నవాడి సీరం ఎండుగడ్డి రంగులో ఉంటుంది. ఆ తేటలోనే కాలేయం, మూత్రపిండాలు తమ బాధ చెప్పుకుంటాయి. మనిషి చెప్పుకునేది వినడం మా పని కాదని అప్పట్లో నా నమ్మకం.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం పోశం వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. టింబర్‌మన్, అంటే బాయిలో పైకప్పు దిగకుండా దుంగలు నిలబెట్టే కార్మికుడు. డ్యూటీనుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, గమ్‌బూట్లు కూడా విప్పలేదు. ఎడమ బూటు మడమ దగ్గర చినిగి ఉంది. అడుగు వేసినప్పుడల్లా అందులోంచి నల్లటి నీళ్లు కారి నేలమీద మచ్చ పడుతోంది. నాలుగు రోజులుగా జ్వరమని ఫారంలో ఉంది. నాకు వింతగా కనబడింది అతని నడక. కాళ్లకు ఎవరినో వేలాడదీసుకుని వస్తున్నట్టు నడుస్తున్నాడు.

"ఏంది పోశం, గట్ల నడుస్తున్నవు? నిన్న జర ఎక్కువైందా?" అన్నాను సిర వెతుకుతూ.

"తాగుడు గాదు కాక. పిక్కలు వట్టుకున్నడు."

"ఎవ్వడు?"

"కింద సంపు కాడ ఉన్నోడు." అతను నవ్వలేదు. "నీళ్లల్ల ఉన్నప్పుడు వట్టుకున్నడంటె సరే అనుకుంట. పైకి వచ్చిన. ఇంటికి వోయిన. మంచంల వన్న. ఇడుస్తలేడు."

బాయిలో ఊరే నీరంతా చేరే గుంటను సంపు అంటారు. అక్కడినుంచి పంపులతో పైకి తోడతారు. చాలా ఏళ్ల కింద బక్కయ్య అనే పంపు కార్మికుడు ఆ గుంటలో కాలు జారి పడ్డాడు. రెండు రోజులకు గానీ దొరకలేదు. అప్పటినుంచీ ఆ వైపు డ్యూటీ పడ్డవాళ్లు నీళ్లలో దిగేముందు "బక్కన్నా, వస్తున్నం" అని ఒక మాట చెప్పి దిగేవారు. నవ్వుతూనే చెప్పేవారు, కానీ చెప్పకుండా దిగినవాణ్ణి నేను ఎరగను.

"బక్కయ్య ఇంక డ్యూటీ దిగలేదా?" అన్నాను నేను, నా హాస్యానికి నేనే మురిసిపోతూ.

పోశం తలెత్తి చూశాడు. అప్పుడు గమనించాను అతని కళ్లు. రెండూ ఎర్రగా ఉన్నాయి. పుసి లేదు, నీరు లేదు, ఒట్టి ఎరుపు. ఆ ఎరుపు చుట్టూ పసుపు. కుంకుమ, పసుపు కలిపి అద్దినట్టుగా ఉన్నాయి.

స్మియర్‌లో మలేరియా లేదు. సీరం మాత్రం పసుపు కలిపిన నీళ్లలా తేలింది. ఉన్నది ఉన్నట్టు రిపోర్టు రాశాను. పిక్కల సంగతి ఎక్కడా రాయలేదు. ఫారంలో దానికి గడి లేదు.

పసుపు రంగు చూసి ఇంటివాళ్లు పసిరికలు అన్నారు, కామెర్లకు మా వైపు మాట అది. పసరు మందు పోయించడానికి ఏదో ఊరు తీసుకుపోయారు. మూడో రోజు తిరిగి తెచ్చేసరికి పోశం మూత్రం పోసి రెండు రోజులైంది. కరీంనగర్ పంపించారు. దారిలోనే పోయాడు. చివరిదాకా కాళ్లు విదిలిస్తూనే ఉన్నాడట, ఎవరినో తన్ని వదిలించుకుంటున్నట్టు.

మర్నాటి ఫస్టు షిఫ్టుకే ఈ మాట బాయంతా పాకింది. సంపు వైపు డ్యూటీ వేస్తే కడుపునొప్పి అని కూర్చునేవారు ఎక్కువయ్యారు.

పదిహేను రోజులు గడిచాయి. ఓదెలు వచ్చాడు. ముప్పై దాటిన మనిషి. మందమర్రినుంచి బదిలీ మీద వచ్చి నెల కూడా కాలేదు. అతని భార్య రాజవ్వ రెక్క పట్టుకుని నడిపించుకొచ్చింది. సన్నగా, నిటారుగా ఉండే మనిషి, మాట తక్కువ. ఓదెలు బల్లమీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. నేను సూది దించుతుండగా మెల్లగా అన్నాడు:

"కాక, పిక్కలు ఇడిసిపెట్టుమని చెప్పవా."

"ఎవరికి?"

"కింద వట్టుకున్నోనికి."

ఇతను మందమర్రి మనిషి. బక్కయ్య పేరు తెలియదు, పోశం ముఖం ఎరగడు. అదే నడక, అదే మాట. కళ్లు తెరిపించి చూశాను. అదే ఎరుపు, అదే పసుపు.

అతని రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి పక్కనే నిలబడ్డాను. బయట వాన. ఆ యంత్రం ఆగేముందు సన్నగా మూలుగుతుంది, గిరగిర తగ్గేకొద్దీ ఆ మూలుగు లోతుకు దిగిపోతుంది. ఇరవై ఏళ్లుగా విన్న చప్పుడే. ఆ రోజు నాకు అది కింద నీళ్లలోంచి వస్తున్నట్టు అనిపించింది. మూత తీయడానికి కొంచెంసేపు పట్టింది. తీశాక చూస్తే సీరం పోశానిదే, పేరు మార్చి పెట్టినట్టు.

అప్పట్లో మా దవాఖానకు ఒక డాక్టరమ్మ వచ్చి ఉంటోంది. పెద్ద కాలేజీలో ఎం.డి. చదువుతూ తీవ్రమైన జ్వరాల మీద పరిశోధన చేస్తోంది. లావుపాటి నోటుబుక్కు, అందులో రోగి పేరు కింద గంట గంటకూ గీతలు. జ్వరం ఎప్పుడు మొదలైంది, కళ్లు ఎప్పుడు ఎర్రబడ్డాయి, మూత్రం ఏ పూట తగ్గింది. ఒకే జబ్బు పదిమందికి వస్తే తొమ్మిదిమంది లేచి డ్యూటీకి పోతారు, ఒకడి మీద మాత్రం అది ఎందుకు విరుచుకుపడుతుంది, ఎన్ని గంటల్లోపల మందు పడితే అతను దక్కుతాడు, ఇదే ఆమె వెతుకులాట.

ఓదెలు మంచం దగ్గరికి వచ్చి లుంగీ కొంచెం పైకి జరిపి బొటనవేలితో పిక్క నొక్కింది. ఓదెలు పెట్టిన కేకకు వార్డులో పడుకున్నవాళ్లంతా లేచి కూర్చున్నారు.

"అతను అబద్ధం చెప్పడం లేదు. కండ లోపలినుంచి పాడవుతోంది, అందుకే ఎవరో పట్టుకున్నట్టు ఉంటుంది" అంది నాతో. తర్వాత వార్డంతటికీ వినబడేలా అడిగింది. "మీరు పనిచేసే చోట ఎలుకలు ఉన్నాయా?"

"లెవ్వు మేడం" అన్నాడు ఓదెలు, అంత బాధలోనూ.

"లెవ్వు మేడం. గంత లోతుల ఎల్కలెందుకుంటయి?" అన్నాడు పక్క మంచం మీది ఫిల్లరు, అంటే బొగ్గు ఎత్తే కార్మికుడు. ఇంకో ఇద్దరు తల ఊపారు.

ఆమె అనుమానం లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు మీద ఉంది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో దాని క్రిమి బతుకుతుంది, కాలి పగుళ్లలోంచి ఒంట్లోకి ఎక్కుతుంది. తీవ్రరూపం పడితే కాలేయాన్నీ మూత్రపిండాలనూ ఒక్కసారే పట్టుకుంటుంది. పెన్సిలిన్ పడితే మనిషి దక్కవచ్చు, కానీ ఆలస్యమయ్యేకొద్దీ ఆశ తగ్గుతుంది. పరీక్ష చేసే సామాను మా దగ్గర లేదు, రక్తం పట్నం పంపితే ఫలితానికి రోజులు పడతాయి. వార్డు బాధ్యత చూసే పెద్ద డాక్టరు గారేమో ఊళ్లో కామెర్లు తిరుగుతున్నాయి కదా, ఎలుకల ఊసే లేని చోట ఎలుకల జబ్బు ఎట్లా అనుకోమంటావని అడిగారు. అడగడంలో తప్పు లేదు.

ఇక్కడ బయటివాళ్లకు తెలియని ఒక సంగతి చెప్పాలి. ఎలుకలు ఉన్నాయి. లేకేం, బాయి నిండా ఉన్నాయి. కింద కూర్చుని అన్నం తినే ప్రతివాడూ మొదటి ముద్ద వాటికే వేసేవాడు. పైకప్పు కూలేముందు మనిషి చెవికి అందని చప్పుడు వాటికి అందుతుంది. అవి పరుగెత్తితే వెనక మనుషులు పరుగెత్తుతారు. మా నాయన ఫిల్లరుగా చేసినప్పుడు ఒకసారి ఎలుకలు పాదాల మీదుగా ఉరికాయట. తట్ట పడేసి వాటి వెంట ఉరికాడు. ఆయన కూర్చున్న చోట పైకప్పు మొత్తం దిగింది. అంచేత వాటిని చంపడమంటే కాపలావాణ్ణి చంపుకోవడమే. డాక్టరమ్మకు ఉన్నాయని చెప్తే కంపెనీ మందు పెట్టిస్తుంది, ఎలుకలు చస్తాయి, ఆ తర్వాత పైకప్పు సంగతి చెప్పేవాడెవడు? వార్డులో అందరూ ఒక్కమాట మీద నిలబడటానికి కారణం ఇది. ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

తలుపు దగ్గర నిలబడ్డ నాకూ ఇదంతా తెలుసు. మా నాయన ముఖం ఒకవైపు, ఓదెలు కళ్లు ఒకవైపు. వరండాలోకి వెళ్లాను. అక్కడ నల్లా దగ్గర రాజవ్వ చెంబు కడుగుతోంది. గేటు దగ్గర ఆటో ఆగి ఉంది. రామగిరి వైపు ఒక పల్లెలో నీళ్ల దయ్యాన్ని దించే మనిషి ఉన్నాడని ఇరుగుపొరుగు చెప్పారట, ఆ పూటే మొగుణ్ణి ఎక్కించుకుపోవాలని ఆమె నిర్ణయం. పోశానికి పట్టిన గతి నా కళ్ల ముందుంది. డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి వచ్చింది. ఎలుకల సంగతి ఆమెకు చెప్పేశాను. ఆ మాట పట్టుకుని ఆమె పెద్ద డాక్టరు గారితో సంతకం పెట్టించింది, అరగంటలో పెన్సిలిన్ మొదలైంది. బాయివాళ్లకు ఈ సంగతి తెలిసి ఆరు నెలలు నన్ను పలకరించలేదు.

మందు పడింది కదా, ఇక బాగవుతుందని అనుకున్నాం. రెండు గంటలు తిరగకుండా ఓదెలు వణకడం మొదలుపెట్టాడు. మంచం ఇనుప కాళ్లు గచ్చుమీద టకటక కొట్టుకున్నాయి. జ్వరం చెయ్యి పెట్టలేనంతగా లేచింది. కళ్లు తెరిచి మంచం కాళ్లవైపు చూస్తూ అన్నాడు:

"ఇప్పుడు ఇద్దరున్నరు."

డాక్టరమ్మ అతని నాడి పట్టుకుంది.

"ఒకడు కొత్తోడు. ఎడమ బూటు చినిగింది."

పోశం బూటు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నా ల్యాబ్ నేలమీద ఆ నల్లటి మచ్చ అప్పటికింకా పూర్తిగా పోలేదు. నా ఒంట్లో నెత్తురు ఏ యంత్రమూ లేకుండానే అడుక్కి దిగింది.

రాజవ్వ లేచి నిలబడింది. "సూది ఏసినంకనే ఎక్కువైంది. సెలైను పీకుండ్రి. తీస్కపోత."

డాక్టరమ్మ నచ్చజెప్పింది. మందు దెబ్బకు క్రిములు ఒక్కసారిగా చస్తున్నాయని, వాటి విషం రక్తంలో కలిసి ఇలా వణికిస్తుందని, కొన్ని గంటల్లో తగ్గుతుందని. రాజవ్వ వింటున్నట్టు లేదు. ఆమె చెయ్యి అప్పటికే సెలైను గొట్టం మీద ఉంది. ఆమె ఆ గొట్టం పీకితే ఓదెలు ఆటోలో పోతాడు, పోశం పోయిన దారినే.

నేను ల్యాబ్‌లోకి ఉరికి ఒక గాజు పలక పట్టుకొచ్చాను.

"చెల్లె, ఇగో, చూడు. నీ పెనిమిటి నెత్తురు ఇది. నేను మిషిన్ల చూసిన. పురుగులు దారాల లెక్క మెలికలు తిరుగుకుంట సస్తున్నయి. సగం సచ్చినయి. ఇప్పుడు తీస్కపోతె మిగిలిన సగం లేస్తయి."

"నీ కండ్లతోటి చూసినవా?"

"నా కండ్లతోటి చూసిన."

ఆమె పలకను చూసింది, నన్ను చూసింది. గొట్టం వదిలి మంచం పక్కన కింద కూర్చుంది. రెండు అరచేతులతో మొగుడి పిక్కలు పట్టుకుంది, ఎవరినుంచో తిరిగి లాక్కున్నట్టు. వణుకు తగ్గేదాకా వదల్లేదు.

మర్నాడు పొద్దున సంచిలో మూత్రం కనబడింది. రెండు అంగుళాలు, టీ డికాషన్ రంగులో. నా సర్వీసులో అంతకంటే అందమైన సాంపిల్ చూడలేదు. మూడు వారాలకు ఓదెలు తన కాళ్లమీద నడిచి గేటు దాటాడు.

ఇక కోయవలసినవి కోస్తాను.

ఆ క్రిమిని నేను చూశాను, అది నిజం. అయితే మా ల్యాబ్‌లో కాదు, ఆ రోజూ కాదు. అది మామూలు మైక్రోస్కోపుకు కనబడదు. డార్క్ ఫీల్డ్ అని ఇంకో పద్ధతి ఉంది, వెలుతురును పక్కలనుంచి పంపి వెనకంతా చీకటి చేస్తారు. రెండు నెలల తర్వాత డాక్టరమ్మ పనిచేసే కాలేజీకి సాంపిళ్లు పట్టుకుపోయినప్పుడు, ఓదెలు రక్తంనుంచి పెంచినవాటిని ఆమె చూపించింది. కుర్చీలోంచి లేచి నాకు చోటిచ్చింది. నల్లటి చీకటి. అందులో వెండి దారాలు, చివర కొక్కెంలా వంగి, గిరగిరా తిరుగుతూ. బాయిలోని గ్యాలరీ సొరంగం ఆ చివర తలలకు దీపాలు పెట్టుకుని మనుషులు మెల్లగా నడిచివస్తున్నట్టు ఉంది. కుర్చీలోనే కొంచెం వెనక్కి జరిగాను. మొట్టమొదట చూసింది నేనైతే, ఆమె నాకు చూపించిందెట్లా?

మందమర్రి మనిషికి బక్కయ్య సంగతి తెలియదన్నాను. బదిలీ మీద వచ్చినవాడికి బాయి కథలు మొదటి షిఫ్టులోనే చెప్తారు. తెలియకుండా ఉండదు.

బూటు సంగతి నాకు చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు. ఓదెలు కోలుకున్నాక అడిగితే తేలిగ్గా చెప్పేశాడు. కొత్త బూట్లు ఇంకా చేతికి రాలేదట. రెస్ట్ షెడ్డులో మేకుకు వేలాడుతున్న జత వేసుకుని దిగాడట. ఎడమది చినిగింది, మడమ కోసుకుంది, అందులోంచే నీళ్లు వచ్చేవి. ఎవరివో అడగలేదు. పోశం పోయాక ఇంటివాళ్లు తెచ్చి అక్కడ తగిలించినవి అవి. చనిపోయినవాడివని నేను చెప్పాక చాలాసేపు తన పాదం తానే చూసుకున్నాడు. ఇన్నేళ్లుగా ఈ కథ చెప్తూ ఈ ముక్క మింగేస్తూ వచ్చాను. చెప్తే వినేవాళ్ల ఒళ్లు జలదరించడం ఆగిపోతుందని. అయినా పోశాన్ని అతను ఎందుకు చూశాడో, ఇద్దరున్నరని ఎందుకన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. జ్వరం ఎక్కువైతే అట్లా జరుగుతుందని డాక్టరమ్మ అంది. ఆమె నోటుబుక్కులో ఆ గంట ఎదురుగా ఏం రాసిందో చూడాలని ఉండేది, అడగలేదు.

ఆ కేసు నాకు నేర్పింది చిన్నది. పిక్కలు పట్టుకున్నడు అని పోశం చెప్పిన మాటే అసలైన లక్షణం. దాన్ని దయ్యం కథ అనుకుని నవ్వాను. ఆ తర్వాత సర్వీసు ఉన్నన్నాళ్లూ ఫారం వెనక పెన్సిలుతో రోగి మాటను రోగి మాటలోనే రాసి పైకి పంపేవాణ్ణి. డాక్టర్లు కొందరు విసుక్కున్నారు, కొందరు చదివారు.

రాష్ట్రం వచ్చిన ఏడాది నేను రిటైరయ్యాను. ఇదంతా రాసి, మొదట చదివి వినిపించాల్సింది వాళ్లకేనని ఓదెలు క్వార్టరుకు వెళ్లాను. ఓదెలు నవ్వుతూ విన్నాడు. రాజవ్వ గడపలో కూర్చుని చిక్కుడుకాయ గిల్లుతూ వింది. అంతా అయ్యాక చాట పక్కకు పెట్టింది.

"మంచిగనే రాసినవు కాక. ఆ గాజు పలక మీద ఏం లేకుండె. తుడిసిన పలక. నాకు అప్పుడే ఎర్క."

"మరి ఎందుకాగినవు చెల్లె?"

"నువ్వు గంతగనం అబద్ధమాడుతున్నవంటె మా ఆయన పాణం నిజంగనే పోయేటట్టున్నదని తెలిసింది. అందుకే ఆగిన."

నేను కాగితాలు సర్దుకుంటున్నాను. ఆమె మాట ఇంకా అయిపోలేదు.

"ఎల్కల సంగతి మాత్రం నువ్వు చెప్పలే. నేను చెప్పిన, నల్లా కాడ. రోజు నాలుగు రొట్టెలు కట్టేదాన్ని, మూడు ఆయనకు, ఒకటి వాటికి. గదే చెప్పిన డాక్టరమ్మకు. ఆమె నీ దిక్కు మల్లి నిజమేనా అనడిగితె, నాకు తెల్వది మేడం అన్నవు, గోడ దిక్కు చూసుకుంట. ఆరు నెలలు మాట్లాడంది గూడ నీతోటి గాదు. నాతోటి. గది గూడ రాయి."